సెగ తగిలిన తోలు

బందరు నుంచి విజయవాడ వైపు జాతీయ రహదారి మీద బయల్దేరితే, ఊరు దాటిన కాసేపటికే గూడూరు వస్తుంది. దాని చుట్టూ పెడన, నిడుమోలు, పామర్రు. ఇంకాస్త లోపలికి వెళ్తే మొవ్వ, కూచిపూడి, ఘంటసాల. దక్షిణాన దివిసీమ. ఈ ఊళ్లలో ఎక్కడ డప్పు మోగాలన్నా ముందు మంట వెలగాలి. గుప్పెడు వరిగడ్డో, రెండు తాటాకులో అంటించి, డప్పు మొహాన్ని ఆ సెగకు చూపించి, తిప్పి తిప్పి కాచి, వేలితో తట్టి విని, మళ్లీ కాచి, అప్పుడు గానీ భుజానికి తగిలించుకోరు. చూసేవాళ్లకు అదేదో ఆనవాయితీలా కనిపించవచ్చు. అది శ్రుతి చేసుకోవడం. వీణకు బిరడాలున్నాయి. తబలాకు కొయ్యబిళ్లలూ సుత్తీ ఉన్నాయి. డప్పుకు ఉన్నది సెగ ఒక్కటే.

కృష్ణా డెల్టాలో ఈ అవసరం మరీ ఎక్కువ. 1855లో విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. అప్పట్నుంచీ ఈ నేలంతా కాలవలు, వరిచేలు. ఒక పక్క సముద్రం. ఇటీవలి దశాబ్దాల్లో వాటికి చేపల చెరువులు, రొయ్యల చెరువులు తోడయ్యాయి. తీరం పొడుగునా ఉదయం పూట గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలే. శ్రావణ భాద్రపదాల్లో ఆరేసిన బట్ట ఆరడమే కష్టం. అలాంటి గాలిలో రాత్రంతా గోడకు వేలాడిన డప్పును పొద్దున్నే తీసి కొడితే శబ్దం వస్తుంది గానీ మోత రాదు.

తోలును దగ్గరగా చూస్తే కారణం తెలుస్తుంది. తోలంటే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల అల్లిక. ఈ పోగులు నీటిని ఇట్టే పీల్చుకుంటాయి. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతాయి, సాగుతాయి, బరువెక్కుతాయి. చెక్క చట్రానికి బిగించిన తోలు ఇలా సాగిందంటే బిగువు సడలినట్టే. మోత స్థాయి రెండింటి మీద ఆధారపడుతుంది: తోలు ఎంత బిగువుగా ఉంది, ఎంత బరువుగా ఉంది. బిగువు తగ్గితే శ్రుతి దిగుతుంది. బరువు పెరిగినా దిగుతుంది. తేమ ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. సెగ చూపించగానే పోగుల్లోని నీరు ఆవిరైపోతుంది, తోలు తేలికవుతుంది, ముడుచుకోవాలని చూస్తుంది. అంచు చట్రానికి అంటి ఉంది కాబట్టి ముడుచుకోలేదు, బిగుసుకుంటుంది. బిగువు నాలుగింతలైతే గానీ శ్రుతి రెండింతలు కాదు. అందుకే కాచే పని అంతసేపు పడుతుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. పచ్చితోలు బాగా తడిగా ఉన్నప్పుడు సుమారు 60 డిగ్రీల వేడికే దాని పోగులు కుదించుకుపోతాయి, మళ్లీ మామూలు స్థితికి రావు. అదే తోలు పొడిగా ఉంటే అంతకంటే చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. కాబట్టి తడిసిన డప్పును నేరుగా మంట మీద పెడితే పాడవుతుంది. ముందు దూరం నుంచి సెగ తగలనిచ్చి, నీరు పోయాక దగ్గరికి తేవాలి. అనుభవమున్న డప్పు కళాకారులు చేసేది సరిగ్గా ఇదే. మొదట మంటకు మూరెడు దూరంలో తిప్పుతారు, తర్వాత దగ్గరకు తెస్తారు, ఒక్కచోట నిలపరు. "ఇటు అంచు ఇంకా మూగగానే ఉందిరా, ఇంకాస్త తిప్పు" అని పెద్దవాడు కుర్రవాణ్ని హెచ్చరిస్తాడు. ఉష్ణమాపకం లేదు, తేమ కొలిచే పరికరం లేదు. చేతికి తగిలే వేడి, చెవికి వినబడే మోత, ఈ రెండే కొలతలు. తరతరాలుగా ఇవి తప్పలేదు.

వాద్యాలను శాస్త్రీయంగా వర్గీకరించిన ఎరిక్ ఫాన్ హార్న్‌బోస్టెల్, కర్ట్ సాక్స్ అనే ఇద్దరు పండితులు 1914లో ఒక పద్ధతిని ప్రకటించారు. ఇప్పటికీ సంగ్రహాలయాల్లో దాన్నే వాడుతున్నారు. అందులో చట్రపు వాద్యాలకు ఒక కొలత పెట్టారు. చట్రం లోతు, తోలు మొహం వెడల్పులో సగానికి మించకూడదు. మన డప్పు ఆ కొలతలో హాయిగా ఇముడుతుంది. మొహం పదహారు అంగుళాలకు అటూ ఇటూ ఉంటే చట్రం లోతు నాలుగు అంగుళాలు దాటదు. భజనల కంజీర కూడా అంతే.

లోతు తక్కువైతే ఏమవుతుంది? బుర్రకథలో వంతలు వాయించే గుమ్మెటలతో పోల్చి చూడవచ్చు. షేక్ నాజర్ (1920–1997) దళం కృష్ణా, గుంటూరు ఊళ్లలో రాత్రుళ్లు కథ చెప్పిన కాలంలో ఆ గుమ్మెటలు వేల మందికి తెలుసు. గుమ్మెటకు కుండలాంటి ఒళ్లుంటుంది. తోలు అదిరితే లోపలి గాలి కూడా అదురుతుంది. అందుకే దానికి ఆ గుమ్మనే గొంతు. డప్పుకు ఒళ్లు లేదు. తోలుకు ముందు గాలి, వెనకా గాలే. తోలు ముందుకు ఉబికినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండు తరంగాలు అంచు చుట్టూ తిరిగి కలిసినప్పుడు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మంద్రధ్వనులు ఎక్కువగా చెరిగిపోతాయి. మిగిలేది పదునైన, చప్పున తగిలే దెబ్బ. డప్పుకు ఎదురుగా నిల్చున్నవారికి మోత గట్టిగా వినబడుతుంది, పక్కన అంచు వైపు నిల్చుంటే తగ్గుతుంది. ఊరేగింపులో కళాకారులు మాటిమాటికీ జనం వైపు తిరగడం ఆటకు అందం ఇస్తుంది, మోతనూ జనం మీదికి పంపుతుంది.

తయారీ చట్రంతో మొదలవుతుంది. డెల్టాలో కలపనిచ్చే అడవులు లేవు. ఊళ్లో, గట్ల మీద దొరికే వేప, మామిడి, తుమ్మ వంటి కలపే ఆధారం. ఒకే దుంగను గుండ్రంగా తొలిస్తే పీచు అడ్డంగా తెగి పగిలిపోతుంది. అందుకని వంపు తిరిగిన ముక్కలను మూడో నాలుగో చెక్కి, వాటిని కలిపి వలయం చేసి, అతుకుల దగ్గర ఇనపపట్టీ వేసి మేకులు దిగగొడతారు. కలప బాగా ఆరి ఉండాలి. పచ్చి కలపతో చేసిన చట్రం ఆరుతూ ఆరుతూ మెలిక తిరుగుతుంది. చట్రం మెలిక తిరిగితే తోలు ఒక వైపు బిగువుగా, మరో వైపు వదులుగా అవుతుంది. ఆ డప్పును ఎంత కాచినా రెండు గొంతులతో మాట్లాడుతుంది.

తోలు పని మరింత ఓపిక కోరుతుంది. డప్పుకు ఎక్కువగా మేకతోలు వాడతారు. చెప్పుల తోలును తంగేడు చెక్క రసంలో ఊనతారు. అలా ఊనిన తోలు మెత్తగా, నీటికి పాడవకుండా ఉంటుంది. డప్పుకు ఆ మెత్తదనం పనికిరాదు. డప్పుకు కావలసింది పచ్చితోలే. దాన్ని సున్నపు నీళ్లలో కొన్ని రోజులు నానబెడితే వెంట్రుకల కుదుళ్లు వదులవుతాయి. అప్పుడు వెంట్రుకలు గీకేస్తారు. తర్వాత తిరగేసి లోపలి వైపు అంటుకున్న కండ, కొవ్వు మొత్తం తీసేస్తారు. కొవ్వు ఏ మూల మిగిలినా అక్కడ జిగురు పట్టదు. పైగా పురుగు పడుతుంది. గీకేటప్పుడు కత్తి కాస్త లోతుకు దిగిందా, ఎప్పుడో ఒకరోజు జాతర నడిమధ్యలో తోలు సరిగ్గా అక్కడే చిరుగుతుంది.

ఒక మేకతోలు అంతా ఒకే మందంలో ఉండదు. వెన్ను వెంబడి మందం, పొట్ట వైపు పలచన. తయారుచేసేవారు తోలును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తారు, వేళ్ల మధ్య నలిపి చూస్తారు. వెన్ను గీత చట్రం మధ్యగా వచ్చేలా పరిస్తే రెండు పక్కలా మందం సమానంగా ఉంటుంది. ఇదంతా తోలు తడిగా, మెత్తగా ఉండగానే జరగాలి. చింతపిక్కలను వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి నూరి, ఉడకబెడితే చిక్కటి జిగురవుతుంది. దాన్ని చట్రం అంచుకు పట్టించి, తడితోలును పైన పరిచి, చుట్టూ సమానంగా లాగి అతికిస్తారు. ఇది చింతపిక్కల్లోని పిండిపదార్థం బలం. మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికీ చింతపిక్కల పొడి వాడతారు. కొందరు జిగురు మీద నమ్మకం పెట్టుకోరు. తోలు అంచుకు వరసగా రంధ్రాలు పొడిచి, వెనక వైపు తోలుతాడు అటూ ఇటూ అల్లి బిగిస్తారు.

ఆ తర్వాత నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైపొర ముందే ఎండిపోయి పగులుతుంది, లోపల తడి అలాగే ఉండిపోతుంది. ఆరుతున్న కొద్దీ తోలు తనంతట తానే బిగుసుకుంటుంది. మనిషి చేయి లాగగలిగిన దానికంటే ఎక్కువ బిగువును ఆ ఆరుదల తెస్తుంది. తడిగా ఉన్నప్పుడు మరీ బిగించి లాగితే ఆరేటప్పుడు చిరిగిపోతుంది. మరీ వదులుగా వదిలేస్తే ఎన్ని మంటలు వేసినా పలకదు. తడి తోలును పట్టుకున్న చేయి, వారం తర్వాత అది పొడిబారి ఎలా ఉంటుందో ముందే అంచనా కట్టాలి. ఈ వృత్తిలో అసలు విద్య ఇక్కడుంది.

వాయించే పుల్లలు రెండు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది చిర్ర. ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండేది చిటికెన పుల్ల. డప్పు ఎడమ భుజం నుంచి వేలాడుతూ రొమ్ముకు ఆనుకుని ఉంటే, ఎడమచేయి చట్రం పైఅంచును పట్టుకుని చిటికెన పుల్లతో అంచు దగ్గర కొడుతుంది. చిర్ర నడిమధ్యన పడుతుంది. మధ్యన కొడితే తోలు మొత్తం ఒక్కటిగా పైకీ కిందికీ ఊగి దాని అతి తక్కువ స్థాయి ధ్వని వస్తుంది. అంచున కొడితే తోలు ముక్కలు ముక్కలుగా, ఒక భాగం పైకి లేస్తే పక్క భాగం కిందికి దిగుతూ అదురుతుంది, అందుకే పైస్థాయి ధ్వనులు వస్తాయి. ఒకే వాద్యంలో రెండు గొంతులు. పెళ్లికి ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ, చాటింపుకు ఒక దెబ్బ. ఊళ్లో పుట్టి పెరిగినవారు ఇంట్లో కూర్చునే బయట ఏం జరుగుతోందో చెప్పగలిగేవారు. మైకులు రాకముందు శిస్తు గడువు, వేలంపాట, పై అధికారి రాక, అన్నీ ఊరికి తెలిసింది డప్పు వల్లనే. ఉయ్యూరులో మాఘ శుద్ధ ఏకాదశి నాడు మొదలయ్యే వీరమ్మ తిరునాళ్లనూ, పెడనలో పైడమ్మ సంబరాలనూ డప్పు లేకుండా ఊహించలేం.

ప్రపంచమంతా ఈ కుటుంబం ఉంది. ఇరాన్, కుర్దుల ప్రాంతాల్లో దఫ్, ఈజిప్టులో రిక్, బ్రెజిల్‌లో పాందేరో, పొరుగున తమిళనాడులో పరై. ఐర్లండ్‌లో బౌరాన్ అనే వాద్యానికీ మేకతోలే వాడతారు. పండుగ పూట పల్లెల్లో మోగుతూ వచ్చిన దాన్ని 1960ల్లో షాన్ ఓ రియాద అనే సంగీతకారుడు తన బృందంతో పాటు కచేరీ వేదిక ఎక్కించాడు. ఇప్పుడది ఆ దేశపు సంగీతానికి గుర్తు. ఇలాంటి మర్యాద డప్పుకు ఎందుకు దొరకలేదన్న ప్రశ్న తెలుగువారు వేసుకోవలసిందే. దానికి జవాబు తోలులో లేదు, ఊరి కట్టుబాట్లలో ఉంది. అంతకుముందు కంజీర, మృదంగం గురించి కొంత చెప్పుకోవాలి.

బందరును ఆనుకునే ఉన్న చిలకలపూడిలో పాండురంగస్వామి ఆలయం ఉంది. అక్కడ కార్తీక మాసంలో ఉత్సవాలు. అక్కడా, డెల్టా పల్లెల రామమందిరాల్లోనూ, చర్చిల్లోనూ వినిపించే వాద్యాల్లో చిన్న చట్రపు వాద్యాలకు ఎప్పుడూ చోటుంది. కంజీర మొహం ఏడెనిమిది అంగుళాలే ఉంటుంది, పక్కన చీల్చిన సందులో గలగలలాడే బిళ్లలుంటాయి. బిగువూ తోలు మందమూ మారకుండా మొహం వెడల్పును సగం చేస్తే శ్రుతి రెండింతలవుతుంది. అందుకే డప్పు పక్కన కంజీర మామూలుగా కీచుమంటుంది. దాన్ని కచేరీ స్థాయికి తెచ్చిన ఘనత పుదుక్కోట్టై మాన్‌పూండియా పిళ్లైది. ఆయన బాటలో జి. హరిశంకర్ (1958–2002) వంటివారు దాని గొంతును ఎక్కడికో తీసుకెళ్లారు. ఇక్కడ ఒక విచిత్రముంది. డప్పు వాయించేవారు నిప్పు వెతుకుతారు, కంజీర విద్వాంసుడు నీళ్లు వెతుకుతాడు. పొడిగా ఉన్న కంజీర తోలు మరీ పైశ్రుతిలో పలుకుతుంది. లోపలి వైపు కాసిని నీటిచుక్కలు రాసి సడలిస్తే గుమికీ అనే ఆ వంపు తిరిగే మంద్రధ్వని వస్తుంది. కచేరీ మధ్యలో తోలు మళ్లీ ఆరిపోతుంది, మళ్లీ తడపాలి. సూత్రం ఒకటే. డప్పు దాన్ని ఒక కొసన పట్టుకుంటే కంజీర రెండో కొసన పట్టుకుంది.

మేలైన కంజీరకు ఒకప్పుడు ఉడుము తోలే వాడేవారు. అది పలచగా, సాగే గుణంతో ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును కాపాడవలసిన జీవుల్లో చేర్చింది. దాన్ని చంపడం, తోలు అమ్మడం నేరం. చట్టం న్యాయమైనదే. వాద్యకారులు మేకతోలుకూ, కృత్రిమ పొరలకూ మారుతున్నారు.

కూచిపూడి భాగవతుల ఆటకు ప్రాణం మృదంగం. అది చట్రపు వాద్యం కాదు. పనసకొయ్యను తొలిచిన పీపా, రెండు వైపులా పొరలు పొరలుగా ఆవు, మేక, గేదె తోళ్లు. కుడివైపు మధ్యలో నల్లటి కరణి, ఎడమవైపు వాయించే ముందు తడిరవ్వ ముద్ద. వాద్యం పుట్టుక గురించి నాట్యశాస్త్రం ఒక కథ చెబుతుంది. వానరోజు చెరువు దగ్గరికి వెళ్లిన స్వాతి అనే ముని తామరాకుల మీద పడే చినుకుల చప్పుడు విన్నాడట. పెద్దాకు మీద ఒక తీరు, చిన్నాకు మీద ఒక తీరు. తోలు మీద పూయడానికి నదీతీరపు నల్లమట్టి మేలని కూడా ఆ గ్రంథం చెబుతుంది. డెల్టాలో పుట్టినవారికి ఆ చినుకులూ ఆ మట్టీ పరిచయమే.

ఆ నల్లటి పూత ఎందుకో ఆధునిక విజ్ఞాన భాషలో చెప్పినవాడు సి.వి. రామన్. విశాఖపట్నంలో చదువుకున్న ఈ శాస్త్రవేత్త, శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. 1934లో దాన్ని విస్తరించాడు. తీగకు ఒక గుణముంది: అది మీటినప్పుడు పుట్టే ధ్వనులు 1, 2, 3, 4 అనే నిష్పత్తిలో ఉంటాయి. అందుకే చెవికి ఒకే స్వరంగా వినిపిస్తాయి. అంతటా ఒకే మందం ఉన్న గుండ్రటి తోలు అలా కాదు. దాని ధ్వనులు 1, 1.59, 2.14, 2.30, 2.65 అంటూ పొందిక లేకుండా పోతాయి. అందువల్ల ఫలానా స్వరమని తేల్చలేని మోత వస్తుంది. మధ్యలో కరణి పెట్టి బరువు పెంచితే ఆ ధ్వనులు జరిగి జరిగి పూర్ణసంఖ్యల వరసలోకి వస్తాయని రామన్ చూపించాడు. మృదంగం స్వరానికి కలిసేది అందుకే. డప్పు తోలు మీద ఏ పూతా లేదు. కాబట్టి దాని నుంచి స్వరం రాదు, లయ వస్తుంది. ఇది లోపం కాదు. ఆరుబయట, వందల మంది గోలలో, పాటగాడి శ్రుతితో గొడవ పడకుండా తాళం ఊరంతా వినబడాలంటే కావలసింది సరిగ్గా ఆ మోతే.

ఇప్పుడు మర్యాద సంగతి. తోలు ఊరికి కావాలి. చెప్పుకు, మెట్ట పొలాల్లో మోటబానకు, ఎద్దుల పట్టెడకు కావాలి. ఆ తోలు ఒలిచి, కడిగి, పదును చేసినవారిని మాత్రం ఊరు తన వీధుల్లోకి రానివ్వలేదు. చచ్చిన పశువును మోయడం, శవం ముందు డప్పు కొట్టడం మాదిగపల్లెకు కూలి లేని విధిగా రుద్దింది. డప్పు మోత లేనిదే అమ్మవారు కదలదన్నారు, కొట్టినవారిని గుడి మెట్లు ఎక్కనివ్వలేదు. గౌరవం కోసం డప్పు కింద పెట్టేసిన కుటుంబాలు డెల్టాలో ఎన్నో. వారి నిర్ణయాన్ని కళ పట్ల నిర్లక్ష్యమని ఎవరూ అనకూడదు. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, చచ్చిన పశువును మోయమని బలవంతం చేయడాన్ని నేరమంటోంది. అంతవరకూ రావడానికి రిపబ్లిక్‌కు అరవై ఆరేళ్లు పట్టింది.

మృదంగం కథా ఇందుకు భిన్నం కాదు. వేదిక మీది విద్వాంసుడి పేరు అందరికీ తెలుసు. ఆ వాద్యానికి తోలు పదును చేసి మూత వేసిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో వెలువరించిన 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం అలాంటి తయారీదారుల గురించే. వారిలో చాలామంది దళిత క్రైస్తవులు. ఏ తోలు ఏ పొరకు, ఎంత ఆరాలి, ఎక్కడ కోయాలి, ఈ చదువంతా వారి చేతుల్లో ఉంది. తెలుగునాట డప్పు తయారీదారుల గురించీ అంత ఓపికగా రాయవలసిన పుస్తకం ఒకటుంది.

డప్పును అవమానానికి గుర్తుగా చూసిన ఊరికి, అదే డప్పుతో జవాబు చెప్పిన ఉద్యమం 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టింది. మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పిలుపును జనం మాదిగ దండోరా అన్నారు. చాటింపుకు కొట్టిన డప్పే హక్కుల సభకు పిలుపయింది. ఆ ఉద్యమం కోరిన ఎస్సీల వర్గీకరణను రాష్ట్రాలు చేయవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ముప్పై ఏళ్ల ఆ నడక పొడుగునా ఊరేగింపుల ముందు నడిచింది డప్పులే. గద్దర్ వంటి ప్రజాకళాకారులు అంతకుముందే దాన్ని పాట పక్కన నిలబెట్టారు. చావు ఇంటి ముందు బలవంతాన కొట్టిన దెబ్బకూ, సభలో ఇష్టంగా కొట్టిన దెబ్బకూ తోలు ఒక్కటే, చట్రం ఒక్కటే. వాయించే మనిషి నిలబడే తీరు మారింది.

ఈమధ్య ఇనప వలయానికి కృత్రిమ పొర బిగించి, చుట్టూ బోల్టులు పెట్టిన ఫైబర్ డప్పులు ఊళ్లలోకి వచ్చేశాయి. పాశ్చాత్య డ్రమ్ములకు 1950ల్లోనే తోలు స్థానంలో ప్లాస్టిక్ పొర వచ్చింది. అదే మార్పు ఇక్కడికి ఆలస్యంగా చేరింది. ఫైబర్ డప్పుకు మంట అక్కర్లేదు. వానలో తడిసినా తుడిచి కొట్టవచ్చు. స్పానర్ తిప్పితే బిగువు వస్తుంది. పెళ్లి ఊరేగింపులకు గంటలకొద్దీ వాయించే కుర్రాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. బంగాళాఖాతం తుఫానులు వచ్చే కార్తీకంలో మరీను. కానీ కృత్రిమ పొర అంతటా ఒకే మందంలో ఉంటుంది, కొట్టిన శక్తిని తనలో దాదాపు ఉంచుకోదు. అందుకే దాని మోత గట్టిగా, కాస్త రేకు చప్పుడులా ఉంటుంది. తోలు పైస్థాయి ధ్వనులను త్వరగా మింగేస్తుంది. దెబ్బ తర్వాత మిగిలేది నిండైన మోత. ఏది వాడుకోవాలో వాయించేవారే నిర్ణయించుకోవాలి. కడుపు నింపే వాద్యాన్ని ఎంచుకున్నందుకు వారిని తప్పుపట్టే హక్కు వినేవారికి లేదు. అయితే తోలు డప్పు కొనేవారు తగ్గితే, తోలు నానబెట్టి, వెన్ను గీత చూసి, ఆరుదల లెక్క కట్టగలిగిన చేతులు ఒక తరంలోనే మాయమవుతాయన్నది నిజం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభై ఏళ్లు నిండిన డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. ఇది మంచి పని. కానీ అది వాయించిన చేతికి దక్కే సాయం. తయారుచేసే విద్యను నేర్పడానికి, రాసిపెట్టడానికి వేరే ప్రయత్నం కావాలి.

ఆ ప్రయత్నానికి బందరులో కావలసినవన్నీ ఉన్నాయి. 1843లో మొదలైన నోబుల్ విద్యాసంస్థ ఉంది, 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. రామన్ 1920లో మృదంగానికి చేసినట్టు డప్పుకు చేయడానికి ఇవాళ పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ధ్వని పౌనఃపున్యాలను చూపించే ఉచిత యాప్ ఉన్న ఫోను ఒకటి, గాలిలో తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి చాలు. గూడూరు చుట్టుపక్కల ఒక తోలు డప్పును వైశాఖంలో ఒకసారి, శ్రావణంలో ఒకసారి, కాచకముందూ కాచాకా కొట్టి కొలవాలి. పక్కనే ఫైబర్ డప్పునూ కొలవాలి. మధ్యన ఒక దెబ్బ, అంచున ఒక దెబ్బ. డప్పు కట్టిన పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తోలు ఎక్కడిది, ఎన్ని రోజులు నానింది, ఎంత లాగి అతికించారు అని అడిగి ప్రతి అంకె పక్కనా రాసుకోవాలి. ఆ కొలతల వ్యాసం అచ్చయినప్పుడు రచయితల పేర్లలో ఆయన పేరూ ఉండాలి.